ఒకే పెట్టెలో రెండు కాపురాలు

కంప్యూటర్ రిపేర్ షాపు మెకానిక్ షట్టర్‌ని సగం ఎత్తి ఆగిపోయి ఉన్నాడు. దూరం నుంచి చూసినవాళ్లకి తాళంచెవి ఎక్కడ పెట్టానా అని ఆలోచిస్తున్నట్టు కనిపించాడు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేశాక గాని ఏజెంట్ పిచ్చుకకు సంగతి అర్థం కాలేదు. మనిషి నిలబడినవాడు నిలబడ్డట్టే పోయాడు. షట్టర్ పిడిలో బిగుసుకున్న వేళ్లే అతన్ని పడిపోకుండా పట్టుకున్నాయి. మెడ వెనక, కాలర్ అంచుకి కాస్త పైన, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క.

పిచ్చుక పళ్లు పటపటా కొరికాడు.

అది గూఢచారి డిపార్ట్‌మెంట్ పెట్టిన మారుపేరు. మనిషి ఆరడుగుల పైమాటే. మామూలు గుమ్మాల్లోంచి కాస్త ఏటవాలుగా వస్తాడు. పొద్దున ఈ మెకానిక్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసినప్పుడు ఆ ఫోన్ ఎత్తింది అతనే.

"సార్, ఓ ఫారిన్ కస్టమర్ తన లాప్‌టాప్‌లో రెండు కాపురాలు పెట్టించుకున్నాడండి. పైకి ఒకటే కనపడుతుంది. రెండోదాంట్లో రైల్వే సిగ్నళ్ల మ్యాప్ చూశాను. ఫోన్లో చెప్పేది కాదు, షాపుకి రండి."

వెంటనే బయల్దేరితే అందేవాడే. కానీ డిపార్ట్‌మెంట్ కారు బయటికి తియ్యాలంటే ఒక ఆఫీసరు సంతకం కావాలి, ఆ ఆఫీసరు టీకి వెళ్లాడు. టీ తాగి, సిగరెట్ కాల్చి, సావకాశంగా వచ్చి సంతకం పెట్టాడు. ఆ కాస్త వ్యవధిలోనే ఎవరో ఈ మనిషి వెనక నుంచి నడిచి వెళ్లారు.

పిచ్చుక మెకానిక్ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, అతన్ని మెల్లిగా మెట్టు మీద కూర్చోబెట్టాడు. ఎదురు బట్టల షాపు అమ్మాయి "ఏమైందండీ?" అని అరిచింది. "కళ్లు తిరిగాయమ్మా. అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి" అన్నాడు. అంతకు మించి చెప్పే అధికారం అతనికి లేదు. అదీ ఒళ్లు మండించింది.

*

'తూనికలు, కొలతల పర్యవేక్షణ కార్యాలయం' అని బోర్డు వేలాడే పాత భవనం. అందులో పాడైపోయిన త్రాసులు గుట్టగా పోసిన గది దాటి కిందికి దిగితే డిపార్ట్‌మెంట్ హెడ్‌క్వార్టర్స్. చీఫ్ తల ఎత్తకుండానే అడిగారు.

"ఆలస్యమైందట?"

"కారు ఇవ్వలేదు సార్."

"కారణం అడగలేదు." చీఫ్ గోడ మీద తెర వెలిగించారు. నుదుటి మీంచి వెనక్కి దువ్విన తెల్లటి జుట్టు, ఖరీదైన కోటు, ఇంటికి పిలిచి భోజనం పెట్టాలనిపించే నవ్వు. "ఇతన్ని వెండిజుట్టు అందాం. పైకి రైల్వే పరికరాల వ్యాపారి. లోపల విదేశీ ముఠా తరఫున మన దేశంలో పనులు చక్కబెట్టేవాడు. పోయిన నెల సిగ్నల్ కంట్రోల్ రూమ్‌కి ఉచితంగా ఏవో పరికరాలు బిగించి ఇచ్చాడు. మనవాళ్లు శాలువా కప్పారు."

"వాటిలో ఏదో పెట్టాడన్నమాట."

"చిన్న ప్రోగ్రామ్. ఈ సాయంత్రం మంత్రిగారు కొత్త జంక్షన్‌కి మొదటి రైల్లో వెళ్తున్నారు. ఆ టైముకి నాలుగు వైపుల సిగ్నళ్లూ ఒకేసారి పచ్చబడితే..."

చీఫ్ ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. ఎవరూ చెయ్యమని అడగలేదు.

"రైళ్లు ఆపించండి సార్!"

"రైల్వే పెద్దాయన్ని పొద్దున్నుంచీ బతిమాలుతున్నాను. రుజువు చూపిస్తే ఆపుతాడట. చచ్చిపోయిన మెకానిక్ ఫోన్లో చెప్పిన మాట రుజువు కాదట. లాప్‌టాప్ ఎత్తుకొచ్చే పని పెట్టుకోకు, వాడి మనుషులు జాగ్రత్తపడి ఇంకో దారి చూసుకుంటారు. నువ్వు వెళ్లి ఆ రెండో కాపురం తెరిచి, ఉన్నది ఫొటో తీసి, ఎలా ఉన్నది అలా పెట్టి రావాలి."

"సార్, నాకు తాళాలు తియ్యడం వచ్చు, మూడో అంతస్తు నుంచి దూకడం వచ్చు. కంప్యూటర్లు..."

"అందుకే మీ బావ ఉన్నాడు."

మూలనున్న టేబుల్ వెనక నుంచి బావ లేచాడు. పిచ్చుక సొంత అక్క మొగుడు. డిపార్ట్‌మెంట్‌లో సాంకేతిక విభాగానికి పెద్ద. పెళ్లైన దగ్గర్నుంచీ బావమరిదికి ఏదో ఒకటి నేర్పాలని చూస్తూనే ఉన్నాడు.

"చూడరా. ఒకే లాప్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు అంటే ఒకే ఇల్లు, మధ్యలో గోడ. ఇటొక కాపురం, అటొక కాపురం. వీధి గుమ్మం మాత్రం ఒక్కటే. మిషన్ ఆన్ చెయ్యగానే గుమ్మంలో నిలబెట్టి, ఇటా అటా అని అడుగుతుంది. ఒకళ్లు మేలుకుంటే రెండోవాళ్లు నిద్రలో ఉంటారు. వీళ్ల సామాను వాళ్లకి కనపడదు."

"కొట్టుకోరా?"

"గోడ సరిగ్గా కడితే కొట్టుకోరు. కట్టినవాడు మంచి పనివాడే. పొద్దున పోయాడు."

సామాను పంచాడు. బొత్తాంలో కెమెరా. చెవిలో పప్పుగింజంత రిసీవర్. పిడి లాగితే పెన్‌డ్రైవ్ అయ్యే దువ్వెన. వేషం ఏసీ మెకానిక్‌ది. నీలం ఓవరాల్, భుజాన సంచి, అంటించుకునే మీసం. ఓవరాల్ రెండు సైజులు చిన్నది.

"ఇంతకంటే పెద్దది లేదా బావా?"

"కొనమని రాశాం. ఇంకా శాంక్షన్ కాలేదు."

*

రైల్వే పరికరాల ప్రదర్శన జరుగుతున్న హోటల్ అది. లిఫ్ట్‌లో అద్దం ముందు ముదురు ఎరుపు పట్టు గౌనులో ఒకామె చెవిపోగు సర్దుకుంటోంది. ఆమె అందం సంగతి పక్కన పెట్టి చూడాలంటే శిక్షణ కావాలి. పిచ్చుకకు శిక్షణ ఉంది గాని, సరిపోలేదు.

"మీ ఫ్లోర్లో ఏసీ చప్పుడు చేస్తోందన్నారు మేడమ్" అన్నాడు.

"చప్పుడు కాదు, గొణుగుతోంది" అంది ఆమె.

సంకేతం కలిసింది. వెండిజుట్టు వెంట రెండేళ్లుగా తిరుగుతున్న దుభాషి ఈమే. జీతం ముఠా ఇస్తుంది, కబుర్లు డిపార్ట్‌మెంట్‌కి ఇస్తుంది. డిపార్ట్‌మెంట్ కబుర్లు ముఠాకి ఎన్ని ఇస్తుందో చీఫ్‌కి కూడా తెలియదు.

"గది తాళం." చేతిలో చేయి కలిపినట్టు కార్డు జార్చింది. ఎడమ అరచెయ్యి తెరిచి చూపింది. దాని మీద లిప్‌స్టిక్‌తో రాసిన ఒక మాట, పక్కన నాలుగు ఒకట్లు. "పాస్‌వర్డ్. ఆయన కుక్క పేరు. రోజూ నా ముందే కొడతాడు. చదివారా?"

"చదివాను."

ఆమె అరచెయ్యి రుమాలుతో తుడుచుకుంది. "ఇప్పుడు ఆయన స్టేజీ ఎక్కుతున్నాడు. ఆయనకి మీ భాష ఒక్క ముక్క రాదు, నేను చెప్పిందే జనం వింటారు. ఒక వాక్యాన్ని మూడు చేసి చెప్తాను. అంతకంటే సాగదీస్తే అనుమానం వస్తుంది. తొందరగా కానివ్వండి."

"మీరు నిజంగా ఎవరి వైపు?"

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. "అది అడిగేంత టైముంటే పని ముగించండి" అని చెప్పి హాలు వైపు నడిచింది.

*

గది శుభ్రంగా, చల్లగా ఉంది. ఏసీకి ఏ రోగమూ లేదు. పిచ్చుక స్టూలెక్కి దాని మూత ఊడదీసి సోఫాకి ఆనించాడు, ఎవరైనా వస్తే పని చేస్తున్నట్టు కనపడాలని. తర్వాత టేబుల్ ముందు కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. కుక్క పేరు, నాలుగు ఒకట్లు. తలుపు తెరుచుకున్నంత సులువుగా తెరుచుకుంది.

సిగ్నల్ దీపాల కేటలాగులు. ధరల పట్టికలు. సముద్రపు ఒడ్డున వెండిజుట్టు ఫొటోలు.

"ఇది ముందు కాపురం రా" అన్నాడు చెవిలో బావ. బొత్తాం కెమెరాలోంచి అంతా చూస్తున్నాడు. "ఇక్కడేమీ ఉండదు. రీస్టార్ట్ చెయ్యి. తెర నల్లగా అవ్వగానే కీ నొక్కు."

"ఏ కీ?"

చెవిలో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"బావా, ఏ కీ?"

"కంపెనీకో కీ ఉంటుందిరా. పైవరసలో చివరిది కొట్టి చూడు."

కొట్టాడు. మళ్లీ సముద్రపు ఒడ్డు. రీస్టార్ట్. పైవరసలో రెండోది. సముద్రపు ఒడ్డు. రీస్టార్ట్. మూలనున్నది. సముద్రపు ఒడ్డు.

"నొక్కిపట్టకురా, టపటపా కొట్టు!"

"టపటపానే కొడుతున్నాను!"

"ఆలస్యంగా కొడుతున్నావు. తెర నల్లబడక ముందు నుంచే కొట్టాలి."

"ముందు నల్లబడ్డాక అన్నావు!"

మధ్యలో అదే రిసీవర్‌లో దుభాషి గొంతు. ఆమె చెవిపోగులో కూడా మైకు ఉంది. స్టేజీ మీద వెండిజుట్టు ఏదో రెండు ముక్కలు అన్నాడు. "మా అతిథి ఈ ఆహ్వానానికి మనస్ఫూర్తిగా, హృదయపూర్వకంగా, సభకు విచ్చేసిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు తెలుపుకుంటున్నారు" అని ఆమె సాగదీసింది. పాపం తన వంతు పని ఆమె నమ్మకంగా చేస్తోంది.

పిచ్చుక మళ్లీ రీస్టార్ట్ కొట్టాడు. ఈసారి తెర మీద ఒక చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది.

'అప్‌డేట్ అవుతోంది. దయచేసి కంప్యూటర్‌ను ఆపకండి.'

పిచ్చుక ఆ చక్రాన్ని చూశాడు. ఒకప్పుడు సరిహద్దు కొండల్లో ఒక ముఠా అతన్ని రెండు రోజులు కుర్చీకి కట్టేసింది. అప్పుడు కూడా ఇంత చిర్రెత్తలేదు. వాళ్లు కనీసం ఏం కావాలో చెప్పి కొట్టారు.

"ఎవడు చెయ్యమన్నాడు బావా దీన్ని? నేనడిగానా?"

"అడక్కపోయినా చేస్తుంది. ఆపకు, మధ్యలో ఆపితే మొత్తం పోతుంది."

"ఎంతసేపు?"

"అది చెప్పదు."

మీసం ఒక పక్క ఊడి పెదవి మీదికి వేలాడింది. అద్దుకున్నాడు. మళ్లీ ఊడింది. పీకి జేబులో పెట్టుకున్నాడు. చక్రం తిరుగుతూనే ఉంది. ఓవరాల్ చంకల కింద బిగుసుకుపోయి చేతులు తిమ్మిరెక్కాయి. లేచి కాలు కాలిన పిల్లిలా గది అంతా తిరిగాడు. వచ్చి చూస్తే, చక్రం అలాగే ఉంది.

"బావా, నువ్వు ఇంట్లో కూడా అక్కకి ఇలాగే చెప్తావా? అదేమిటో తెలీదు, ఎంతసేపో తెలీదు, ఆపకు అని?"

"మీ అక్క నన్నేమీ అడగదు. తనే బాగుచేసుకుంటుంది" అన్నాడు బావ, కాస్త చిన్నబోయిన గొంతుతో.

ఎట్టకేలకు చక్రం ఆగింది. తెర నల్లబడింది. నల్లబడక ముందు నుంచీ, నల్లబడుతున్నప్పుడూ, నల్లబడ్డాకా పైవరస కీలన్నిటి మీదా పిచ్చుక రెండు చేతులతో తబలా వాయించాడు. బూడిదరంగు తెర మీద రెండే రెండు వరసలు వచ్చాయి. మొదటిదాని మీద వెలుగు, కింద వెనక్కి లెక్కపెడుతున్న అంకె.

"అదేరా! కిందిది! బాణం నొక్కి ఎంటర్!"

రెండో కాపురం తలుపు తెరిచింది. తెరిచి, పాస్‌వర్డ్ అడిగింది.

"అయిపోయింది" అన్నాడు బావ. "ఇంత జాగ్రత్తపరుడు ఏం పెట్టాడో ఎవరికి తెలుసు!"

పిచ్చుక బావ మాట పట్టించుకోలేదు. కంప్యూటర్లు తెలియవు గాని మనుషులు తెలుసు. కుక్క పేరు, నాలుగు ఒకట్లు కొట్టాడు. తలుపు తెరుచుకుంది.

"రెండిటికీ ఒకటేనా?" బావ గొంతు కీచుమంది. "సిగ్గుండాలి వెధవకి!"

*

తెర మీద జంక్షన్ మ్యాప్. నాలుగు వైపుల పట్టాలు, వాటి మీద కదులుతున్న చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో రైలు. పక్కన ఒక పెట్టెలో ఆజ్ఞ: అన్ని సిగ్నళ్లూ పచ్చ. వేళ, సాయంత్రం ఆరు.

పిచ్చుక గుండెల నిండా ఊపిరి పీల్చాడు. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళ. ఆరింటికి ఇంకా బోలెడు టైముంది. బొత్తాం కెమెరాతో ఫొటోలు తీశాడు. దువ్వెన పిడి లాగి పెన్‌డ్రైవ్ పెట్టి నకలు తీశాడు. "పంపించా చూసుకో బావా. ఇక వచ్చేస్తున్నా" అని లాప్‌టాప్ మూయబోతూ ఆగాడు.

తెర మూలన గడియారం. ఐదూ యాభై దాటింది.

చేతి గడియారం చూసుకున్నాడు. మధ్యాహ్నమే. కిటికీ బయట ఎండ నడినెత్తినే ఉంది.

"బావా, ఇందులో సాయంత్రమైపోయింది."

చెవిలో కుర్చీ వెనక్కి తోసిన చప్పుడు. "ఒరేయ్... ఇంట్లో గోడ గడియారం ఒకటేరా. రెండు కాపురాలూ దాన్నే చూస్తాయి. కానీ ఒకళ్లు దాన్ని మన ఊరి టైము అనుకుంటారు, రెండోవాళ్లు అది ప్రపంచపు టైము అనుకుని మన దేశానికుండే తేడా కలుపుకుంటారు. ఇద్దరినీ ఒకే మాట మీద ఉంచడానికి పాపం ఆ మెకానిక్ ఏదో సర్దుబాటు చేసే ఉంటాడు. ఇందాకటి అప్‌డేట్ దాన్ని తుడిచేసింది."

"అంటే?"

"అంటే, ఇది గంటల కొద్దీ ముందుకెళ్లిపోయింది. ఇంటర్నెట్ ఉంటే తనే సరిచేసుకునేది. దొరికిపోతానని వాడు బయటి ప్రపంచంతో అన్నీ తెంచేసి, సిగ్నల్ రూమ్‌తో ఒక్క లైను ఉంచుకున్నాడు. అక్కడ పెట్టిన ప్రోగ్రామ్‌కి సొంత గడియారం లేదు. ఈ లాప్‌టాప్ ఎంతంటే దానికి అంత."

పిచ్చుక మళ్లీ మ్యాప్ మీదికి వంగాడు. "ఆరింటికి పచ్చబడాల్సింది ఇప్పుడే పచ్చబడుతుందన్నమాట. నేను రీస్టార్టులు కొట్టడం వల్ల."

"నువ్వు కొట్టడం వల్ల కాదు. నేను కొట్టమనడం వల్ల" అన్నాడు బావ. పెళ్లైన ఇన్నేళ్లలో బావ తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. సంతోషించే తీరిక పిచ్చుకకు లేదు.

"ఆపేస్తే?"

"ఆపినా లాభం లేదు. చివరిసారి విన్న టైము నుంచి సిగ్నల్ రూమ్‌లోదే లెక్కపెట్టుకుంటుంది."

"ఆజ్ఞ తీసేస్తే?"

"ఇంకో పాస్‌వర్డ్ అడుగుతోంది చూడు. తప్పు కొడితే అక్కడికక్కడే అమలు చేస్తానని కింద రాసుంది."

కుక్క పేరు మీద ఇంకోసారి పందెం కాసే ధైర్యం పిచ్చుకకు లేకపోయింది. మ్యాప్ మీద చుక్కలు జంక్షన్ వైపు పాకుతున్నాయి. ఒక్కో చుక్కలో ఎంతమంది ఉంటారో ఊహించకూడదనుకున్నాడు. ఊహించాడు.

"చీఫ్‌ని రైళ్లు ఆపమను! రుజువు పంపానుగా!"

చెవిలో చీఫ్ గొంతు వచ్చింది. "రైల్వే పెద్దాయన భోజనానికి వెళ్లాడట. ఫోను టేబుల్ మీద వదిలేసి వెళ్లాడట. వెతుకుతున్నారు."

పిచ్చుక నెత్తి కొట్టుకున్నాడు. నిజంగానే, రెండు చేతులతో.

"విను" అన్నాడు బావ. "రెండు కాపురాలకూ కింద నేల ఒకటుంటుంది. మిషన్ సొంత సెట్టింగులు. గోడ గడియారం ఉండేది అక్కడే. రీస్టార్ట్ చేసి అక్కడికెళ్లు. సంవత్సరం వెనక్కి తిప్పు. మళ్లీ ఇందులోకి రా. ఇది పాత తారీఖు చెప్తుంది, అక్కడున్నది నమ్ముతుంది."

"అక్కడికి వెళ్లడానికి ఏ కీ?"

"ఇందాక తబలా వాయించావే, అదే వాయించు!"

వాయించాడు. నీలం తెర వచ్చింది. నేల మీద తాళం లేదు, మెకానిక్ వెయ్యలేదు. తారీఖు దొరికింది. మొద్దు వేళ్లతో సంవత్సరం ఒకటి తగ్గించాడు. సేవ్ చెయ్యమని చెప్పి ఎంటర్ కొట్టాడు. తెర నల్లబడింది.

తలుపు తెరుచుకుంది.

స్టేజీ దిగి వచ్చేసిన వెండిజుట్టు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతని వెనక దుభాషి. అతని కుడిచేతిలో లావుపాటి పెన్ను. దాని ములికి ఉండాల్సిన చోట సన్నటి సూది మెరిసింది. పొద్దున చూసిన ఎర్రటి చుక్క పిచ్చుక కళ్ల ముందు కదిలింది. చేతులెత్తాడు. ఎత్తితే ఓవరాల్ వీపు పర్రున చిరిగింది.

వెండిజుట్టు నవ్వుతూనే తన భాషలో ఏదో అన్నాడు.

"కుర్చీలోంచి లేచి గోడ దగ్గరికి వెళ్లమంటున్నాడు" అంది దుభాషి. ముఖంలో ఏ భావమూ లేదు. ఆమె కూడా చిన్న పిస్తోలు తీసి పిచ్చుక వైపు గురిపెట్టింది.

లాప్‌టాప్ తెర మీద బూడిదరంగు వచ్చింది. రెండు వరసలు. వెలుగు మొదటిదాని మీద. కింద అంకె వెనక్కి లెక్కపెడుతోంది. అది సున్నాకొస్తే ముందు కాపురం తెరుచుకుంటుంది. సముద్రపు ఒడ్డు ఫొటోలు వస్తాయి. సిగ్నల్ రూమ్‌లోది తన లెక్క తాను పూర్తి చేసుకుంటుంది.

పెన్ను దాటి టేబుల్ దగ్గరికి దూకలేడు. దూకినా పిస్తోలు ఉంది. ఇక మిగిలింది మాట. ఆ మాట కూడా ఈమె నోటి మీదుగా వెళ్లాలి.

"ఈయన విమానం ఎన్నింటికి?" అన్నాడు.

దుభాషి కనుబొమలు కదిలాయి. "నాలుగింటికి."

"అయితే చెప్పండి. ఆ మిషన్ గడియారం చెడిపోయింది. అది ఆరింటికి కాదు, ఇప్పుడు పచ్చబడుతుంది. మంత్రి ఇంకా రైలెక్కలేదు, ఈయనింకా విమానమెక్కలేదు. రైళ్లు గుద్దుకున్న మరుక్షణం ఎయిర్‌పోర్టులు మూసేస్తారు. ఆయన పని చెడుతుంది, ఆయనా దొరుకుతాడు. రెండో వరస నొక్కి తన గడియారం తనే చూసుకోమనండి."

అదంతా చెప్పడానికి టైము లేదని అంటుండగానే తెలుస్తోంది. ఆమె తలచుకుంటే ఇంకేదైనా చెప్పొచ్చు, అసలు చెప్పకపోవచ్చు. ఆమె చెప్పేది అబద్ధమో నిజమో కూడా ఆ భాష రాని తనకు అర్థం కాదు. పిచ్చుక ఆమె పెదవుల వంక చూశాడు. స్టేజీ మీద రెండు ముక్కల్ని చాంతాడంత సాగదీసిన ఆ పెదవులు ఈసారి నాలుగే మాటలన్నాయి.

వెండిజుట్టు నవ్వు చెదిరింది. తన చేతి గడియారం చూశాడు, తెర చూశాడు. ఒక్క అంగలో టేబుల్ దగ్గరికి వచ్చాడు. అంకె ఒకటికి దిగుతుండగా బాణం నొక్కాడు. ఎంటర్. కుక్క పేరు, నాలుగు ఒకట్లు. తొందరలో ఒకసారి తప్పు కొట్టాడు. బూతులా వినపడే మాటేదో అని మళ్లీ కొట్టాడు.

జంక్షన్ మ్యాప్ తెరుచుకుంది. రెండు చుక్కలు అప్పటికే ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. ఉత్తరం వైపు సిగ్నల్ ఒకటి పసుపు నుంచి పచ్చకు తిరగబోయి, రెపరెపలాడి, ఎర్రగా నిలబడిపోయింది. ఆజ్ఞ పక్కనున్న లెక్క ఒక్కసారి గంతేసింది. మిగిలి ఉన్నది, ఒక సంవత్సరం పైన కొన్ని సెకన్లు.

వెండిజుట్టు ఆ అంకెను చదివాడు. ఇంకోసారి చదివాడు. అతనికి అర్థమయ్యేలోపు పిచ్చుక సోఫాకి ఆనించిన ఏసీ మూత అందుకున్నాడు. పొద్దున్నుంచీ పేరుకున్న కసంతా, సంతకం కోసం ఆగిన కారు, చక్రం, సముద్రపు ఒడ్డు, బిగుతు ఓవరాల్, ఆ ఒక్క దెబ్బలో దిగింది. పెన్ను గాల్లోకి ఎగిరి తివాచీలో గుచ్చుకుంది. వెండిజుట్టు దాని పక్కనే బోర్లా పడ్డాడు.

దుభాషి పిస్తోలు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

"అందులో గుళ్లు లేవు" అంది. "ఎప్పుడూ ఉండవు. బరువని తీసేశాను."

"ఆయనకేం చెప్పారు?"

"'ఇప్పుడే పచ్చబడుతోంది, నువ్వింకా ఇక్కడున్నావు' అన్నాను. భయపడేవాడికి అంతకంటే అక్కర్లేదు."

"నేనంత పొడుగు చెప్తే?"

"మీరు మరీ సాగదీస్తారండీ" అంది ఆమె. అద్దంలో చెవిపోగు ఒకసారి చూసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. చీఫ్ ఆ తర్వాత ఆమె ఎవరి వైపో తేల్చమని ఒక బృందాన్ని వేశారు. ఆ బృందం ఇంకా తేలుస్తూనే ఉంది.

పిచ్చుక కుర్చీలో కూలబడ్డాడు. "బావా, ఉన్నావా?"

"ఉన్నాన్రా" అన్నాడు బావ. గొంతులో తడి ఉంది. వెంటనే సర్దుకుని, "మిషన్ ఆపేటప్పుడు సరిగ్గా షట్‌డౌన్ చెయ్యి. బటన్ నొక్కిపట్టి ఆపకు" అన్నాడు.

పిచ్చుక రిసీవర్ చెవిలోంచి పీకి, ఓవరాల్ జేబులో మీసం పక్కన పడేశాడు.

రైల్వే పెద్దాయన భోజనం ముగించుకుని, చెయ్యి తుడుచుకుని, ఫోను చూసుకుని ఒక్కసారిగా లేచి నిలబడ్డాడట. సిగ్నల్ రూమ్‌లోంచి వెండిజుట్టు పరికరాలన్నీ పెరికి బయట పెట్టేదాకా ఆ జంక్షన్ మీదుగా పోయే రైళ్లన్నిటినీ ఎక్కడివక్కడ నిలబెట్టేశారు. కారణం బయటికి పొక్కితే జనం బెంబేలెత్తిపోతారని చీఫ్ భయపడ్డారు. పత్రికలకి ఏం చెప్పాలో రాసి సిద్ధంగా పెట్టుకుని, సాయంత్రమంతా ఫోను పక్కనే కూర్చున్నారు.

ఎవరూ అడగలేదు. రైళ్లు ఆలస్యమైతే ఆ దేశంలో ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది!